పదేళ్లుగా దాటవేస్తున్న బ్రెగ్జిట్ లెక్క: బ్రిటన్ పార్లమెంటు సభ్యులకు ఒక తెలుగు ఓటరు బహిరంగ లేఖ

గౌరవనీయులైన హౌస్ ఆఫ్ కామన్స్ సభ్యులకు, అన్ని పార్టీల నాయకులకు,

నమస్కారం.

నేను గుంటూరు జిల్లాలో పుట్టి, ఉద్యోగం కోసం వచ్చి, లండన్‌కు పడమటి వైపు ఒక పట్టణంలో స్థిరపడ్డవాణ్ని. నా చేతిలో ఉన్నది ఇప్పటికీ భారతీయ పాస్‌పోర్టే. అయినా కామన్వెల్త్ దేశ పౌరుణ్ని కాబట్టి మీ ఎన్నికల్లో నాకు ఓటుంది. యూరోపియన్ యూనియన్ (ఈయూ)లో బ్రిటన్ ఉండాలా, విడిపోవాలా అని 2016 జూన్ 23న జరిగిన రిఫరెండంలోనూ ఓటేశాను, ఉండాలనే వేశాను. ఏళ్ల తరబడి ఇక్కడే పన్నులు కడుతున్న పోలండ్, రుమేనియా, ఫ్రాన్స్ పౌరులకు ఆ రోజు ఓటు లేదు. తేలబోయేది వాళ్ల బతుకు, ఓటేసింది మాలాంటివాళ్లం. అందుకే ఈ విషయాన్ని నేను వదిలిపెట్టలేకపోతున్నాను.

ఈయూ నుంచి బ్రిటన్ విడిపోవడం, అంటే బ్రెగ్జిట్, చూపిన ప్రభావం మీద బహిరంగ విచారణ జరిపించమని కోరుతూ లక్షకు పైగా జనం సంతకాలు పెట్టిన పిటిషన్ మీద 2023 ఏప్రిల్‌లో మీ పార్లమెంటులోనే చర్చ జరిగింది. విచారణ అక్కర్లేదని అప్పటి ప్రభుత్వం తేల్చేసింది. ప్రభుత్వం మారాక ఇదే అడుగుతూ నా నియోజకవర్గం ఎంపీకి రాశాను. అందరికీ పంపే అచ్చు ఉత్తరం ఒకటి వచ్చింది, నా ప్రశ్నల్లో ఒక్కదానికీ అందులో జవాబు లేదు. మళ్లీ రాస్తే అదీ రాలేదు. కాబట్టి ఇప్పుడు మీ అందరికీ కలిపి, పదిమందీ చదివేలా రాస్తున్నాను. నాలాగే ఓటున్న తెలుగువాళ్లు ఈ దేశంలో చాలామంది ఉన్నారు. వాళ్లు కూడా మిమ్మల్ని ఇదే అడగాలని తెలుగులో రాస్తున్నాను.

మొదటే ఒక మాట స్పష్టం చేస్తాను. తిరిగి ఈయూలో చేరమని ఈ లేఖ అడగడం లేదు. విడిపోవాలని ఓటేసిన 1 కోటి 74 లక్షల మందిని తక్కువ చేసి మాట్లాడే ఉద్దేశం నాకు లేదు. అది వాళ్ల హక్కు. నా ఫిర్యాదు వాళ్ల మీద కాదు, వాళ్లిచ్చిన తీర్పును అడ్డం పెట్టుకుని మీరు నడిపిన రాజకీయం మీద.

1. జవాబు సిద్ధం చేసుకోకుండా జనాన్ని ప్రశ్న అడిగారు.

2013 జనవరిలో అప్పటి ప్రధాని డేవిడ్ కామెరాన్ రిఫరెండం హామీ ఇచ్చినప్పుడు ఈయూ సభ్యత్వం గురించి వీధుల్లో ఉద్యమాలేమీ జరగడం లేదు. ఆయన టెన్షనంతా సొంత పార్టీలోని అసమ్మతి ఎంపీల గురించి, ఈయూ నుంచి విడిపోవాలంటూ ఓట్లు చీలుస్తున్న యూకిప్ పార్టీ గురించి. పార్టీ గొడవ తీర్చుకోవడానికి దేశాన్ని పందెం కాశారు. బ్యాలెట్ మీద ఉన్నవి రెండే మాటలు: ఉండాలి, విడిపోవాలి. విడిపోతే ఉమ్మడి మార్కెట్‌లో ఉంటామా, సుంకాలు ఒకేలా ఉండే కస్టమ్స్ యూనియన్‌లో ఉంటామా, ఐర్లండ్ సరిహద్దు ఏమవుతుంది, ఇక్కడున్న ఈయూ పౌరుల సంగతేమిటి? వీటికి బ్యాలెట్ మీద జవాబు లేదు, ప్రభుత్వం దగ్గరా లేదు. విడిపోయే పక్షం గెలిస్తే ఏం చెయ్యాలో ముందే చూసి పెట్టుకోమని ముఖ్యమైన శాఖలకు ఆదేశమే ఇవ్వలేదు. మీ సభకే చెందిన విదేశీ వ్యవహారాల కమిటీ 2016 జూలైలో దీన్ని ఘోరమైన నిర్లక్ష్యంగా తేల్చింది. ఫలితం వచ్చిన ఉదయమే కామెరాన్ రాజీనామా ప్రకటించారు.

విడిపోదామన్న నాయకుల తీరూ అంతే. వారానికి 35 కోట్ల పౌండ్లు ఈయూకి పంపుతున్నామని బస్సు మీద రాసి, ఆ డబ్బు ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌కు ఇద్దామన్నారు. బ్రిటన్ కట్టకముందే తగ్గే రిబేటును పక్కన పెట్టి వేసిన లెక్క అది. 2017 సెప్టెంబరులో అప్పటి విదేశాంగ మంత్రి బోరిస్ జాన్సన్ మళ్లీ ఆ అంకె వాడితే, ఇది అధికారిక గణాంకాల దుర్వినియోగమని యూకే స్టాటిస్టిక్స్ అథారిటీ అధ్యక్షుడు ఆయనకు లేఖ రాయాల్సి వచ్చింది. మా దక్షిణాసియా ఓటర్లకు వేరే ఆశ చూపించారు. యూరప్ నుంచి వచ్చేవాళ్లను అదుపు చేస్తే మన వైపు నుంచి వంటవాళ్లను తెచ్చుకోవడం తేలికవుతుంది, కరీ రెస్టారెంట్లు బతుకుతాయి అని అప్పటి మంత్రి ప్రీతి పటేల్ ప్రచారం చేశారు. ఆ మాట నమ్మి ఓటేసిన రెస్టారెంటు యజమానులు నాకు తెలుసు. కొన్నేళ్లు దారి తెరిచారు. 2024లో వర్క్ వీసాకు కావలసిన కనీస జీతం హద్దు పెంచారు. 2025 జూలైలో ఇక డిగ్రీ స్థాయి ఉద్యోగాలకే వీసా అనేసరికి వంటవాళ్లకు ఆ దారి మూసుకుపోయింది.

2. ప్రతి మలుపులోనూ దేశం కన్నా పార్టీయే ముందుంది.

52 శాతం, 48 శాతం అన్నది దేశం దాదాపు సగానికి చీలిందని చెప్పే ఫలితం. స్కాట్లండ్‌లో 62 శాతం, ఉత్తర ఐర్లండ్‌లో దాదాపు 56 శాతం ఉండాలనే అన్నారు. మధ్యేమార్గం వెతకడమే అప్పటి నాయకత్వం పని. 2017 జనవరిలో, కామెరాన్ తర్వాత ప్రధాని అయిన థెరిసా మే ఉమ్మడి మార్కెట్, కస్టమ్స్ యూనియన్ రెండింటి నుంచీ బయటికేనని ప్రకటించారు. మార్చిలో ఈయూ ఒప్పందంలోని 50వ అధికరణం కింద విడిపోతామని నోటీసు ఇచ్చి రెండేళ్ల గడువు మొదలుపెట్టారు. జూన్‌లో ఎన్నికలకు వెళ్లి ఉన్న మెజారిటీని పోగొట్టుకున్నారు. లేబర్ సభ్యులారా, ఇందులో మీకూ వాటా ఉంది. ఆ నోటీసుకు వీలిచ్చే బిల్లుకు ఓటెయ్యమని మీ పార్టీయే విప్ ఇచ్చింది. 498 మంది అనుకూలంగా, 114 మంది వ్యతిరేకంగా ఓటేశారు. ఎలా విడిపోవాలో తేలకుండానే గడువు నడవడం మొదలైంది.

2019లో మీ సభలో జరిగింది మా ఇంట్లో రాత్రులు మేల్కొని చూశాం. జనవరి 15న థెరిసా మే తెచ్చిన ఒప్పందానికి 202 ఓట్లు వస్తే వ్యతిరేకంగా 432 పడ్డాయి. ఆధునిక చరిత్రలో ఏ ప్రభుత్వానికీ మీ సభలో అంత పెద్ద ఓటమి లేదు. అదే ఒప్పందం ఇంకో రెండుసార్లు ఓడింది. మార్చి 27న ఎనిమిది ప్రత్యామ్నాయాలు ముందు పెట్టుకుని ఎనిమిదింటినీ కాదన్నారు. ఏప్రిల్ 1న కస్టమ్స్ యూనియన్ ప్రతిపాదన మూడే మూడు ఓట్ల తేడాతో వీగిపోయింది. ఆ మూడు ఓట్ల గురించి నేను చాలాసార్లు ఆలోచించాను. రెండో రిఫరెండం తప్ప ఏదీ వద్దన్నవాళ్లు, పూర్తిగా తెగిపోవడం తప్ప ఏదీ వద్దన్నవాళ్లు, ఎటూ వెయ్యకుండా కూర్చున్నవాళ్లు అందరూ కలిసి, ఎక్కువమంది తట్టుకోగలిగిన దారిని మూసేశారు. నాలాగే ఈయూలో ఉండాలనుకున్న ఎంపీలకూ ఇందులో బాధ్యత ఉంది. ఈ మాట అనాల్సి రావడం నాకు బాధగానే ఉంది.

ఆమె తర్వాత ప్రధాని అయిన జాన్సన్ ఐదు వారాలు పార్లమెంటును వాయిదా వేయించారు. సుప్రీంకోర్టులో పదకొండు మంది జడ్జీలూ ఏకగ్రీవంగా అది చట్టవిరుద్ధమన్నారు. సొంత పార్టీ ఎంపీలు 21 మందిని, మాజీ ఆర్థిక మంత్రులతో సహా, ఒక్క రాత్రిలో పార్టీ బృందం నుంచి తప్పించారు. విధేయతే అర్హత అయిపోయాక పాలన ఎలా ఉంటుందో 2022 సెప్టెంబరులో తెలిసింది. లిజ్ ట్రస్ ప్రభుత్వం 4,500 కోట్ల పౌండ్ల పన్ను కోతలు ప్రకటించి, ఆ లోటు ఎలా పూడుస్తుందో చెప్పలేదు. మార్కెట్లు బెదిరాయి, వడ్డీలు ఎగిరాయి. ఆమె పదవి ఏడు వారాలకు పోయింది. సరిగ్గా అదే సమయంలో ఇంటి లోన్ రెన్యూ చేసుకోవాల్సి వచ్చిన కుటుంబాలు మాత్రం ఆ వడ్డీనే రెండేళ్లు, ఐదేళ్లు కట్టాల్సి వచ్చింది. 2016 జూలై నుంచి 2024 జూలై మధ్య ఐదుగురు ప్రధానులు దిగిపోయారు. ఏ శాఖలోనైనా ఒక పని మొదలై పూర్తయ్యేదాకా అదే మంత్రి ఉండటం అరుదైపోయింది.

3. ఉత్తర ఐర్లండ్ శాంతితో ఆడుకున్నారు.

మూడు దశాబ్దాల పాటు సుమారు 3,500 మందిని బలి తీసుకున్న హింసకు 1998 గుడ్ ఫ్రైడే ఒప్పందం తెర దించింది. బ్రిటన్‌లో భాగమైన ఉత్తర ఐర్లండ్‌కూ, ఈయూ సభ్య దేశమైన ఐర్లండ్‌కూ మధ్య కనిపించని సరిహద్దే ఆ శాంతికి ఆధారం. రిఫరెండం ప్రచారంలో ఈ సంగతి గురించి ఎంత తక్కువ మాట్లాడారో తలుచుకుంటే ఇప్పటికీ ఆశ్చర్యమేస్తుంది. చివరికి జాన్సన్ సరుకుల తనిఖీ సరిహద్దును, ఉత్తర ఐర్లండ్‌కూ మిగతా బ్రిటన్‌కూ మధ్యనున్న ఐరిష్ సముద్రంలోకి జరిపారు. పైగా ఏ ఫారాలూ నింపక్కర్లేదని 2019 నవంబరులో అక్కడి వ్యాపారులకు స్వయంగా చెప్పారు. 2021 జనవరి నుంచి ఫారాలు వచ్చాయి. తాము సంతకం పెట్టిన ఒప్పందాన్నే ఉల్లంఘించే బిల్లు తెస్తూ, అవును, ఇది అంతర్జాతీయ చట్టాన్ని పరిమితంగా ఉల్లంఘిస్తుంది అని 2020 సెప్టెంబరులో ఒక మంత్రి మీ సభలోనే నిలబడి ఒప్పుకున్నారు. చట్టాన్ని గౌరవించమని ప్రపంచానికి చెప్పే సభ ఇది.

2022 ఫిబ్రవరిలో, బ్రిటన్‌తోనే ఉండాలనే డీయూపీ పార్టీ ఆ సముద్ర సరిహద్దుకు నిరసనగా వైదొలగడంతో, ఉత్తర ఐర్లండ్ రాజధాని బెల్‌ఫాస్ట్‌లో ప్రభుత్వం కూలింది. రెండేళ్లు లేదు. నర్సులు, టీచర్లు, బస్సు డ్రైవర్ల జీతాల పెంపు ఆగిపోయింది. 2024 జనవరిలో లక్షకు పైగా ప్రభుత్వోద్యోగులు ఒకే రోజు సమ్మె చేశారు. రిషి సునాక్ ఈయూతో కుదిర్చిన విండ్సర్ ఒప్పందం కొంత చక్కదిద్దిందని ఒప్పుకుంటాను. ఆ శ్రద్ధ ఏడేళ్ల ముందే ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు.

4. నష్టం చిన్నవాళ్ల మీద పడింది.

బ్రెగ్జిట్ లేకపోయి ఉంటే ఉండాల్సిన ఉత్పాదకత కన్నా దీర్ఘకాలంలో 4 శాతం తక్కువ ఉంటుందని మీ ప్రభుత్వమే ఏర్పాటు చేసిన ఆఫీస్ ఫర్ బడ్జెట్ రెస్పాన్సిబిలిటీ అంచనా. 2025 జూలైలో భారత్‌తో సంతకమైన వాణిజ్య ఒప్పందాన్ని నేను మనస్ఫూర్తిగా స్వాగతిస్తున్నాను. దాని వల్ల దీర్ఘకాలంలో ఏడాదికి 480 కోట్ల పౌండ్లు కలుస్తాయని మీ ప్రభుత్వం లెక్కగట్టింది. అంటే ఆర్థిక వ్యవస్థలో ఒక శాతం కూడా కాదు. రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి జనానికి చెప్పే ధైర్యం ఏ పెద్ద పార్టీ నాయకుడిలోనూ నాకు కనిపించలేదు.

పెద్ద కంపెనీలు యూరప్‌లో ఆఫీసు తెరుచుకుని బయటపడ్డాయి. చీజ్, మాంసం, చేపలు అమ్ముకునే చిన్నవాళ్లకు ఆ వెసులుబాటు లేదు. 2021 జనవరి నుంచి వాళ్ల సరుకుకు ఆరోగ్య ధ్రువపత్రాలు, సరిహద్దు తనిఖీలు తప్పనిసరయ్యాయి. అటునుంచి ఇటు వచ్చే సరుకు మీద తనిఖీలను మాత్రం మీరు పలుమార్లు వాయిదా వేసి 2024 దాకా లాగారు. సొంత రైతుకు ఒక రూలు, బయటివాడికి ఒక రూలు అన్నట్టయింది. మన సముద్రం మనకే అన్న నినాదం నమ్మిన మత్స్యకారులకు చెప్పిన గడువు 2026. యూరప్ పడవల ప్రవేశాన్ని 2025 మేలో 2038 దాకా పొడిగించారు. అది సరైన నిర్ణయమే కావచ్చు. కానీ 2016లో వాళ్లకిచ్చిన మాట నిలబెట్టుకోలేకపోయామని వాళ్ల రేవుకు వెళ్లి ఎవరైనా చెప్పారా?

5. మీ వైఫల్యానికి మమ్మల్ని బాధ్యుల్ని చేస్తున్నారు.

నన్ను అన్నిటికన్నా కలచివేసేది ఇదే, కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

బ్రెగ్జిట్ తర్వాతి వీసా విధానం మీరే రాసుకున్నారు, 2021 జనవరి 1 నుంచి అమలు చేశారు. ఇందులో బ్రస్సెల్స్‌లోని ఈయూ పాత్ర లేదు. జీతం హద్దును 30,000 పౌండ్ల నుంచి 25,600కు తగ్గించింది మీరే. చదువయ్యాక రెండేళ్లు పనిచేసుకోవచ్చని 2021 జూలైలో గ్రాడ్యుయేట్ వీసా తెచ్చింది మీరే. యూరప్ నుంచి వచ్చే సిబ్బంది తగ్గి వృద్ధులను చూసుకునే కేర్ హోముల్లో మనుషులు దొరక్కపోతే, 2022 ఫిబ్రవరిలో కేర్ వర్కర్లకు తలుపులు తీసిందీ మీరే. యూనివర్సిటీల లోటు విదేశీ విద్యార్థుల ఫీజులతో పూడుతుంటే మీరు చూస్తూనే ఉన్నారు. ఆ ఫీజు కట్టడానికి తెలుగు రాష్ట్రాల్లో తల్లిదండ్రులు పొలాలు, బంగారం తాకట్టు పెట్టారు.

2023 నాటికి ఏడాది నికర వలస 9 లక్షలు దాటింది. అదుపు మన చేతికి తెచ్చుకుందాం అన్న నినాదంతో గెలిచిన పార్టీ పాలనలో, దాని సొంత నిబంధనల కింద పెరిగిన సంఖ్య ఇది. ఆ సంగతి జనానికి చెప్పాల్సిన నాయకులు వచ్చినవాళ్లనే సమస్యగా చూపించారు. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు నిబంధనల మీద నిబంధనలు మార్చారు. మాస్టర్స్ విద్యార్థులు కుటుంబాన్ని తెచ్చుకోకూడదన్నారు. 2024 ఫిబ్రవరిలో, వీసాతో పాటు కట్టే ఆరోగ్య సర్‌చార్జిని ఏడాదికి 624 నుంచి 1,035 పౌండ్లకు, ఏప్రిల్‌లో జీతం హద్దును 26,200 నుంచి 38,700కు, 2025లో 41,700కు పెంచారు. పాత రూల్స్ చూసి అప్పుచేసి వచ్చిన పిల్లాడు చదువు పూర్తిచేసేసరికి ఉద్యోగానికి కావలసిన జీతం సగం పైగా పెరిగిపోయింది. ఆ జీతం కొత్తగా చేరినవాళ్లకు ఎన్ని కంపెనీలు ఇస్తాయో మీకు తెలియనిది కాదు.

కేర్ వర్కర్ల పరిస్థితి ఇంకా ఘోరం. ఏజెంట్లకు లక్షలు పోసి వచ్చాక ఇక్కడ పనే లేదని తెలిసినవాళ్లున్నారు. 2022 జూలై నుంచి 2024 చివరిదాకా 470కి పైగా కేర్ సంస్థలకు విదేశీ కార్మికులను తెచ్చుకునే స్పాన్సర్ లైసెన్సులు రద్దయ్యాయని, 39,000 మందికి పైగా కార్మికుల మీద దాని ప్రభావం పడిందని మీ ప్రభుత్వమే చెప్పింది. తప్పు చేసింది సంస్థ. 60 రోజుల్లో కొత్త స్పాన్సర్‌ను వెతుక్కో, లేదా దేశం వదులు అన్న శిక్ష మాత్రం కార్మికుడికి. లైసెన్సు ఇచ్చేముందు ఆ సంస్థకు నిజంగా పని ఉందో లేదో చూడాల్సింది హోం ఆఫీసే కదా?

2025లో శాశ్వత నివాసానికి ఐదేళ్లను పదేళ్లు చెయ్యాలని, కేర్ వర్కర్లకైతే పదిహేనేళ్లని, ఇప్పటికే ఇక్కడున్నవాళ్లకూ ఇది వర్తించాలని ప్రతిపాదించారు. ఐదేళ్ల లెక్కన పిల్లల చదువులు, ఇల్లు ప్లాన్ చేసుకున్న కుటుంబాల కాళ్ల కింద నేల కదిలిపోయింది. అదే ఏడాది మేలో ప్రధాని కియర్ స్టార్మర్ ఈ దేశం అపరిచితుల దీవిగా మారే ప్రమాదం ఉందన్నారు. తర్వాత ఆ మాటకు విచారం వ్యక్తం చేశారు. అది గౌరవించదగ్గ పని. కానీ 2024 ఆగస్టు అల్లర్లలో మసీదుల మీద, శరణార్థులున్న హోటళ్ల మీద జరిగిన దాడులు చూసి, చీకటి పడ్డాక బయటికి వెళ్లొద్దని పిల్లలకు చెప్పుకున్న ఇళ్లలో మాదీ ఒకటి. పెద్ద పదవిలో ఉన్నవాళ్ల నోటి వెంట వచ్చే మాట మా వీధి దాకా వస్తుంది.

6. జనం మిమ్మల్ని నమ్మడం మానేశారు.

ప్రభుత్వాలు పార్టీ కన్నా దేశాన్ని ముందు పెడతాయని దాదాపు ఎప్పుడూ నమ్మం అన్నవాళ్లు 45 శాతం అని 2024లో వెలువడిన బ్రిటిష్ సోషల్ ఆటిట్యూడ్స్ సర్వే చెప్పింది. ఆ ఏడాది ఎన్నికల్లో 60 శాతం మందే ఓటేశారు. లేబర్ 34 శాతం లోపు ఓట్లతో 400కు పైగా సీట్లు గెలిచింది. 2025 మేలో స్థానిక ఎన్నికల్లో నైజెల్ ఫరాజ్ నడిపిన రిఫార్మ్ యూకే పార్టీ 677 సీట్లు, 10 కౌన్సిళ్లు గెలుచుకుంది. బ్రెగ్జిట్ మీద జనానికి కలిగిన ఆశాభంగం, బ్రెగ్జిట్ కోసం అందరికన్నా గట్టిగా పోరాడిన ఫరాజ్‌కే బలంగా మారింది. తప్పు ఎక్కడ జరిగిందో మీరెవ్వరూ నోరు విప్పి చెప్పకపోవడం వల్లే ఈ పరిస్థితి వచ్చిందని నా అభిప్రాయం.

కాబట్టి మా డిమాండ్లు ఇవి.

ఒకటి. ఇరాక్ యుద్ధం మీద చిల్కాట్ విచారణ జరిగింది. కోవిడ్ మీద విచారణ వేశారు. అలాగే బ్రెగ్జిట్ నిర్ణయాలు, అమలు, ప్రభావం మీద చట్టబద్ధమైన బహిరంగ విచారణ వెయ్యాలి. మాజీ ప్రధానులందరినీ ప్రమాణం మీద ప్రశ్నించాలి. చిల్కాట్ నివేదికకు ఏడేళ్లు పట్టింది. దీనికి రెండేళ్లకు మించి గడువు ఇవ్వకూడదు.

రెండు. రిఫరెండంలకు శాశ్వత చట్టం కావాలి. మార్పు గెలిస్తే ఏం చేస్తారో వివరమైన ప్రణాళిక ముందే ప్రచురించాలి, చివరి ఒప్పందం మీద మళ్లీ జనం ఆమోదం తీసుకోవాలి. ఐర్లండ్ ఏకీకరణ మీద ఓటింగుకు గుడ్ ఫ్రైడే ఒప్పందంలోనే దారి ఉంది, స్కాట్లండ్ స్వాతంత్ర్యం ప్రశ్న అలాగే మిగిలి ఉంది. అవి ముంచుకొచ్చాక చట్టం గురించి ఆలోచిస్తే లాభం లేదు.

మూడు. సబ్బు ప్రకటనలో అబద్ధం చెబితే ఈ దేశంలో అడిగే సంస్థ ఉంది. రాజకీయ కరపత్రాలు, పోస్టర్లు, ఆన్‌లైన్ ప్రకటనలు దాని పరిధిలోకి రావు. వాటిలో చెప్పే అంకెలను తనిఖీ చేసే అధికారం ఒక స్వతంత్ర సంస్థకు ఇవ్వాలి.

నాలుగు. శాశ్వత నివాసం విషయంలో ఇప్పటికే ఇక్కడున్నవాళ్లకు వాళ్లు వచ్చినప్పటి నిబంధనలే వర్తించాలి. కొత్త రూల్స్ కొత్తగా వచ్చేవాళ్లకు పెట్టుకోండి, వాళ్లు తెలిసే వస్తారు.

ఐదు. స్పాన్సర్ లైసెన్సు రద్దయితే కార్మికుడికి కనీసం ఆరు నెలల గడువు, ఆ కాలంలో ఏ కేర్ సంస్థలోనైనా పనిచేసే హక్కు ఇవ్వాలి.

ఇక్కడున్న తెలుగువాళ్లకు ఒక విన్నపం. స్టూడెంట్ వీసా మీద ఉన్నా, వర్క్ వీసా మీద ఉన్నా భారత పౌరులకు ఇక్కడ ఓటు నమోదు చేసుకునే హక్కుంది. చాలామందికి ఈ సంగతే తెలియదు. నమోదు చేసుకోండి, ఈ ఐదు డిమాండ్లలో మీకు నచ్చినవాటిని మీ ఎంపీకి రాయండి. ఏ పార్టీకి ఓటెయ్యాలో నేను చెప్పను.

గౌరవ సభ్యులారా, ఈ లేఖ ఇంగ్లీషు ప్రతిని పార్టీ నాయకుల కార్యాలయాలకు పంపుతున్నాను. సభ తర్వాతి సెలవులకు వాయిదా పడేలోపు, విచారణ వేస్తారా లేదా అన్న ఒక్క ప్రశ్నకైనా అవునో కాదో రాతపూర్వకంగా చెప్పండి. వచ్చిన జవాబును ఒక్క వాక్యం కూడా వదలకుండా తెలుగులో ప్రచురిస్తాను. జవాబు ఇవ్వని పార్టీల పేర్లూ ప్రచురిస్తాను.

ఇట్లు,
ఒక తెలుగు ఓటరు